నా లాట్ తూటాలు

జూలై 6, ఆదివారం

ఎథల్ ఇవాళ కూడా, లోయకి కొత్తగా వచ్చిన ఐల్సా తోటకే వెళ్ళాడు. వరుసగా మూడో ఆదివారం.

ఆమె కొత్త రైఫిల్ కొంది, పాయింట్ టూ టూ. దానికి తూటాలు ఎంచి పెట్టాలట. టోపీ పెట్టుకుంటూ, నా వంక చూడకుండా చెప్పాడు. కొనుక్కున్న మనిషికి చేతులు లేవా అని అడిగాను. జవాబు లేదు. ఈ మధ్య నేనేం అడిగినా జవాబు ఉండదు. మనసు ఇంట్లో ఉంటే కదా, మాట చెవికెక్కడానికి!

ఇరవై ఆరేళ్ళుగా మేమిద్దరం కలిసి కుందేళ్ళు కొడుతున్నాం. అదే మా బతుకు. ఈ లోయలో మా పేర్లు విడివిడిగా ఎవరూ పలకరు. పొలం గుల్లయిపోతోంది, నోలీన్-ఎథల్‌ని పిలవండి అంటారు. మొన్న ఐల్సా మాత్రం ఫోన్ చేసి, ఎథల్ ఉన్నాడా అని అడిగింది. ఒక్క ఎథల్! నేనేమో ఫోను మోసే స్తంభాన్ని.

జూలై 6, సాయంత్రం 5

ఇంకా రాలేదు. రాసుకుంటేనైనా ఒళ్ళు చల్లబడుతుందేమో.

తూటాలు ఎంచడమంటే ఐదు నిమిషాల పని కాదు, అది నాకూ తెలుసు. ఈ పాయింట్ టూ టూ రిమ్‌ఫైర్ తూటా ఇంట్లో మందు నింపుకునేది కాదు, ఫ్యాక్టరీ ఏమిస్తే అదే గతి. ఏ రైఫిల్‌కి ఏది నచ్చుతుందో దాన్ని పుట్టించినవాడికి కూడా తెలియదు. ఒకే కంపెనీలో ఒకే రోజు తయారైన రెండు రైఫిళ్ళు అక్కచెల్లెళ్ళలా ఉంటాయి. ఒకదానికి తీపి, ఒకదానికి కారం. అందుకే పది రకాలు కొనాలి. యాభై మీటర్ల దూరంలో అట్ట నిలబెట్టాలి. ఒక్కో రకం ఐదేసి కాల్చాలి. రకం మారిన ప్రతిసారీ ముందు కొన్ని మట్టిగట్టులోకి కాల్చి పారేయాలి, గొట్టంలో పాత తూటాల మైనపు పూత వదిలి కొత్తది పట్టేదాకా. అప్పుడు ఆ ఐదు రంధ్రాలు ఎంత దగ్గరగా పడ్డాయో చూడాలి. ఒక రోజంతా పక్కపక్కనే బోర్లా పడుకుని చేసే పని ఇది. మధ్యలో టీ, చీజ్ రోల్స్, కబుర్లు.

నాకెలా తెలుసంటే, పెళ్ళికి ముందు జూన్‌లో నాకు అలాగే ఎంచి పెట్టాడు. చివరికి ఐదు రంధ్రాలూ ఒక్క నాణెం కింద ఇమిడిపోయాయి. అట్ట మీద నా పేరు రాసి ఇచ్చాడు. ఉంగరం ఆ తర్వాత నాలుగు నెలలకు వచ్చింది, కానీ నా లెక్కలో నిశ్చితార్థం ఆ రోజే.

ఇప్పుడు ఇంకొక అట్ట మీద ఇంకొక పేరు రాస్తున్నాడు కాబోలు.

జూలై 9, బుధవారం

రాత్రి భోజనాల దగ్గర అడిగాను, ఏం తేలింది అని. రెండోసారి అడిగితే చెప్పాడు.

ఐల్సా మొదట సెవెంటీన్ రకం రైఫిల్ కొందామనుకుందట. సన్నటి తూటా, మహా వేగం, నూట యాభై మీటర్ల అవతల కూడా గీత గీసినట్టు పోతుంది. ఈయన వద్దన్నాడట. అది కొండ మీదికి బాగుంటుంది కానీ ఆప్రికాట్ తోటలో ఎందుకు, దాని మోతకు ఒక్క కుందేలు పడితే ఇరవై బొరియల్లో దూరతాయి, పైగా మాంసం తునాతునకలవుతుంది అన్నాడట. తోటకి నెమ్మది రకం కావాలి. ధ్వనికన్నా తక్కువ వేగంతో వెళ్ళే సబ్‌సోనిక్, మొన గుల్లగా ఉన్నది. సైలెన్సర్ ఉంటే ఎవరో ఉఫ్ అన్నట్టు ఉంటుంది. పక్క కుందేలు పడ్డా రెండోది నములుతూనే ఉంటుంది. మొన గట్టిగా ఉన్న తూటా చవకే కానీ, మా కొండల్లో పలకరాయికి తగిలి ఎటు ఎగురుతుందో దేవుడికే ఎరుక.

అన్నీ సరైన మాటలే. అవన్నీ ఒకప్పుడు నాకు చెప్పిన మాటలే. అక్షరం మారలేదు. నాకు చెప్పేటప్పుడు వాటికి వేరే అర్థం ఉందనుకున్నాను, పిచ్చిదాన్ని.

జూలై 12, శనివారం

అలెగ్జాండ్రా ఊళ్ళో రేవి తుపాకుల కొట్టుకు వెళ్ళాను. మా జిల్లాలో తుపాకీ పట్టినవాళ్ళందరి గుట్టూ రేవి దగ్గరే ఉంటుంది.

నా లాట్ ఇంకేమైనా దొరుకుతుందేమో అడుగుదామని వెళ్ళాను. లాట్ అంటే ఫ్యాక్టరీలో ఒకే దఫాలో తయారైన తూటాలు; నాలుగేళ్ళ కింద ఒక లాట్ నా రైఫిల్‌కి అచ్చంగా కుదిరింది. పెట్టె మీద చివరి నాలుగంకెలు 7718. పేరు అదే, పెట్టె అదే అయినా తర్వాతి లాట్ కుదరలేదు. అలాంటిది దొరికినప్పుడు మావాళ్ళు ఉన్నదంతా కొనేసి బీరువాలో దాచుకుంటారు, ఆడవాళ్ళు బంగారం దాచుకున్నట్టు. నా దగ్గర నాలుగు పెట్టెలు మిగిలాయి. ఆగస్టు పదహారున కుందేళ్ళు కొట్టే జోడీల పోటీ ఉంది. ఆ రోజుకని దాచాను. తొమ్మిదేళ్ళుగా ఆ పోటీలో కప్పు మాదే.

రేవి నవ్వి, ఏం అక్కా, నీ 7718 నువ్వే పంచిపెడుతూ మళ్ళీ నన్నడుగుతావేం అన్నాడు. నాకర్థం కాలేదు. ఎథల్ ఐల్సాని తీసుకొచ్చాడట. ఆమె కోటు జేబులోంచి 7718 పెట్టె తీసి, ఇలాంటివి ఇంకా ఉన్నాయా అని అడిగిందట. ఆమె రైఫిల్‌కి కూడా అదే కుదిరిందట.

అంతటితో ఆగాడా రేవి? మీ ఆయన జోడీల పోటీ కాగితంలో ఒక పేరు కొట్టించి ఐల్సా పేరు రాయించాడట, అలిగావా ఏంటి, ఈసారి రావా అన్నాడు.

నాకు వేరే పని ఉందిలే అన్నాను. నవ్వుతూనే అన్నాను. కారెక్కి తిన్నగా ఇంటికొచ్చాను.

జూలై 12, రాత్రి భోజనం ముందు

బీరువా తీసి చూశాను. రెండు పెట్టెలే ఉన్నాయి.

జూలై 13, ఆదివారం

అడగలేదు. అడిగితే చెప్తాడేమోనని భయం.

జూలై 17, గురువారం

ఐల్సా వచ్చింది. నారింజ తొక్కల జామ్, మర్మలేడ్ తెచ్చింది. అందంగా ఉంటుందా అంటే, ఉండదు. పొడుగాటి మనిషి, గోళ్ళ నిండా మట్టి, నవ్వితే చిగుళ్ళు కనిపిస్తాయి. భర్తతో విడిపోయి గోర్ అనే ఊరి నుంచి వచ్చింది. ఎత్తి చూపడానికి ఒక్క పెద్ద లోపం కూడా దొరకలేదు, అదే నా ఖర్మ.

ఒకటి మాత్రం చూశాను. ఆమె మాట్లాడుతున్నంత సేపూ ఎథల్ ఆమె పెదవుల వంకే చూస్తున్నాడు. కళ్ళార్పకుండా. టీ చల్లారిపోయింది, చూసుకోలేదు. ఆమె కూడా అతనికి ఎదురుగా జరిగి కూర్చుని, ఒక్కో మాటా నింపాదిగా, నోరంతా తెరిచి చెప్తోంది. మధ్యలో చెయ్యి మీద తట్టింది కూడా. నా ఇంట్లో! నా బల్ల దగ్గర! నేను పక్కనుంచి ఇంకో స్కోన్ రొట్టె కావాలా అని అడిగితే పలకలేదు.

నా పెదవుల వంక చూసి ఎన్నాళ్ళయిందో.

వెళ్ళేటప్పుడు ఆమె నాతో, నోలీన్, మనిద్దరం ఒకసారి కూర్చుని మాట్లాడుకోవాలి అంది. తీరిక లేదన్నాను. మర్మలేడ్ కోళ్ళకు వేశాను. అవీ ముట్టలేదు.

జూలై 20, ఆదివారం, మధ్యాహ్నం

చేశాను.

ఐల్సా రైఫిల్ స్కోప్ బిగించడానికి ఎథల్ మా షెడ్డుకే తెచ్చాడు. ఆమె తూటాల సంచీ కూడా దాంతోనే ఉంది. ఆయన గొర్రెల కంచె దగ్గరికి వెళ్ళగానే ఆ 7718 పెట్టెల్లోని నెమ్మది రకం తీసేసి, ధ్వనిని మించి పోయే హై వెలాసిటీవి నింపాను. చూడ్డానికి రెండూ ఒకటే. ఇత్తడి వెనక ముద్ర చదివితే తప్ప తెలియదు. కానీ ఇవి చెర్నాకోలా కొట్టినట్టు ఛెళ్ళుమంటాయి. సైలెన్సర్ ఉన్నా అంతే, ఆ మోత గొట్టంలోది కాదు, గాలిలోది. పైగా గురి రెండు అంగుళాలు పైకి పోతుంది. ఒక్క కుందేలూ పడదు. తోటలో ఉన్నవన్నీ పారిపోతాయి. నీ శిష్యురాలు ఇంతేనా అని లోయంతా నవ్వుతుంది.

గట్టి మొనవి మాత్రం పెట్టలేదు. రాయికి తగిలి ఎవరికైనా ఎగిరితే? అంత పాపిష్టిదాన్ని కాదు. ఈ వాక్యం రాసి రెండుసార్లు చదువుకున్నాను.

జూలై 22, మంగళవారం

ఐల్సా ఇంకా ఆ రైఫిల్ ముట్టలేదట. చెట్ల కొమ్మలు కత్తిరించే పనిలో ఉందట.

జూలై 24, గురువారం

ఇంకా లేదు. తేలు కుట్టిన దొంగలా తిరుగుతున్నాను. టీవీ శబ్దం ఇంటి కప్పు లేచిపోయేలా పెట్టాడు ఎథల్. తగ్గించమంటే వినడు. చివరికి నేనే వెళ్ళి పడుకున్నాను.

జూలై 27, ఆదివారం

నెమ్మదిగా రాయాలి. వరుస తప్పకుండా రాయాలి.

పొద్దున నేనూ వస్తానన్నాను. ఎథల్ సంతోషించినట్టే కనిపించాడు. ఆమె ఓడిపోవడం నా కళ్ళతో చూడాలని నేను వెళ్ళానని ఆయనకేం తెలుసు?

ఎనిమిదింటికి తోట అంచున ఉన్నాం. మాకు జూలై అంటే నడి చలికాలం, మంచు ఇంకా కరగలేదు. నలభై మీటర్ల అవతల, కంచె కింద, ఏడు కుందేళ్ళు మొక్కల మొదళ్ళ బెరడు కొరుకుతున్నాయి. ఐల్సా బోర్లా పడుకుంది. ఎథల్ పక్కన మోకాళ్ళ మీద కూర్చుని బైనాక్యులర్స్ పట్టుకున్నాడు. నేను వెనక నిలబడ్డాను.

కాల్చింది.

ఛెళ్ళుమంది. ఎదురు కొండకి తగిలి మళ్ళీ వినిపించింది. అవతలి పొలంలో కుక్కలు మొరిగాయి. ఏడు కుందేళ్ళూ ఒక్క క్షణంలో మాయం. ఐల్సా ఉలిక్కిపడి తల ఎత్తింది. నేను ఎథల్ వీపు వంక చూస్తున్నాను. ఇరవై ఆరేళ్ళు ఈ పని చేసినవాడు, ఆ ఒక్క మోతతో తెలిసిపోతుంది. ఇప్పుడు లేస్తాడు, పెట్టె తీస్తాడు, నా వైపు తిరుగుతాడు.

తిరగలేదు. బైనాక్యులర్స్ దించకుండానే, చూశావా ఐల్సా, ఎంత మెత్తగా వెళ్ళిందో, అదీ సబ్‌సోనిక్ అంటే, కాస్త పైకి పోయింది అంతే అన్నాడు. ఆ వెధవలు ఎందుకు పారిపోయాయో మరి, మన వాసన తగిలిందేమో అన్నాడు.

ఆ మోత ఆయన చెవిన పడనే లేదు.

ఐల్సా రైఫిల్ బోల్ట్ వెనక్కి లాగింది. తూటా ఖాళీ ఇత్తడి తొడుగు మంచులో పడింది. తీసి, వెనక ముద్ర చూసి, జేబులో వేసుకుంది. అప్పుడు నా వంక చూసింది. కోపం లేదు. అది ఉన్నా బాగుండేది.

జూలై 28, సోమవారం

ఎథల్ గొర్రెల డాక్టరు కోసం ఊళ్ళోకి వెళ్ళినప్పుడు ఐల్సా వచ్చింది. మిగిలిన తూటాలన్నీ బల్ల మీద పోసింది. ఇవి నావి కావు నోలీన్, నీవి నువ్వు తీసుకో అంది. తర్వాత ఇంకేమీ దాచలేదు.

వాళ్ళ నాన్న రంపపు మిల్లులో పనిచేసి చెవులు పోగొట్టుకున్నాడట. అందుకని ఎథల్‌ని చూసిన రెండో రోజే పోల్చుకుందట. పెదవులు చూసి మాటలు పట్టుకుంటున్నాడని గమనించి, ఎన్నాళ్ళనుంచి అని అడిగిందట. ఏడ్చాడట. నోల్‌కి చెప్పొద్దని బతిమాలాడట. ఆగస్టులోగా నువ్వు చెప్పకపోతే నేనే చెప్తానందట. మొన్న మర్మలేడ్‌తో వచ్చింది అందుకేనట.

ఇప్పుడు సిగ్గు లేకుండా రాస్తున్నాను. మొగుడికి చెవులు పోతున్నాయని విన్నాక నాకు మొదట వచ్చింది జాలి కాదు. ఆమె ముందు ఏడ్చాడు. నా ముందు కాదు. ఒంట్లో కారం పోసినట్టయింది. ముద్దు పెట్టుకున్నా ఇంత మండేది కాదేమో.

నీ పెదవులు చూడాల్సిన పని ఆయనకి లేదు నోలీన్, నువ్వేమంటావో ఆయనకి ముందే తెలుసు, అందుకే నీ దగ్గర ఇన్నాళ్ళు దాచగలిగాడు అంది ఐల్సా. ఓదార్చడానికే అంది. అది ఇంకా మండింది.

జూలై 29, మంగళవారం

ఆయన సింకు దగ్గర గిన్నెలు కడుగుతున్నాడు. వెనక నిలబడ్డాను.

మామూలు గొంతుతో, నీకు ఐల్సా అంటే ఇష్టమా అని అడిగాను. పళ్ళెం తుడిచి పక్కన పెట్టాడు. ఆ తూటాలు మార్చింది నేనే అన్నాను. ఇంకో పళ్ళెం తీశాడు. నువ్వు ఆమెను తాకావేమోనని నెల రోజులుగా నీ చొక్కాలు వాసన చూస్తున్నాను అన్నాను. ఈల వేస్తున్నాడు. ఆ ఈల శ్రుతి తప్పి చాలా కాలమైంది. అదీ నేను గమనించలేదు.

అప్పుడు ముందుకు వెళ్ళి, మొహం పట్టుకుని నా వైపు తిప్పుకుని, అంతా మళ్ళీ మొదటినుంచి చెప్పాను. నెమ్మదిగా. చొక్కాల సంగతి కూడా.

కుర్చీలో కూలబడ్డాడు. తూటాలు మార్చినందుకు నాలుగు తిట్టాడు. తిట్టాల్సిందే. తర్వాత మే నెల సంగతి ఎత్తాడు. కొండ మీద నేను గురి పెట్టి ఉండగా ఆయన ఎదురుగా నడుచుకుంటూ వచ్చాడు. ఆగు, ఆగు అని అరిచాను. ఆగలేదు. వేలు పక్కకు తీసేశాను కాబట్టి సరిపోయింది. మొండి వెధవా, చస్తావా అని ఆ రోజంతా తిట్టాను. నాకు ఒక్క అరుపు కూడా వినపడలేదు నోల్, నీ మొహం చూశాకే తెలిసింది అన్నాడు. నీ చేతుల్లో పోతే నాకేం, నువ్వేమైపోతావు అని ఆ రాత్రి నిద్ర పట్టలేదట. నీ పక్కన చెవులున్న మనిషి ఉండాలి అన్నాడు.

సొరుగులోంచి పోటీ కాగితం తీసి ఇచ్చాడు. ఎర్ర సిరాతో కొట్టేసిన పేరు నాది కాదు. ఆయనది. కింద ఉన్న జోడీ: నోలీన్, ఐల్సా.

నా స్థానంలోకి ఆమెను తయారుచేస్తున్నాడని నెల రోజులు నిప్పులు తొక్కాను. ఆయన తయారుచేసింది తన స్థానంలోకి. నా తూటాలు ఆమెకు ఇచ్చింది కూడా అందుకే. ఇద్దరివీ ఒకే రకమైతే కొండ మీద కంగారు ఉండదని.

నాకు ముందెందుకు చెప్పలేదని అరిచాను. అది మాత్రం వినపడింది. చెప్తే కొండ ఎక్కనివ్వవు కదా అన్నాడు.

నిజమే. ఎక్కనివ్వను.

ఆగస్టు 5, మంగళవారం

డునెడిన్ ఆసుపత్రిలో ఎథల్‌కి చెవుల పరీక్ష. గదిలో కూర్చోబెట్టి, శబ్దం వినపడితే మీట నొక్కమన్నారు. అద్దంలోంచి చూశాను. చాలాసేపు ఆయన వేలు కదల్లేదు. సన్నటి శబ్దాలు రెండు చెవుల్లోనూ పోయాయట. చెవికి యంత్రం పెడితే మాటలు కొంత నయమట. కొండ గాలిలో అది పనిచేయదని కూడా పరీక్ష చేసిన అమ్మాయే చెప్పింది.

తిరుగుదారిలో ఒక ఒప్పందం రాసుకున్నాం. ఆయన ఒంటరిగా రైఫిల్ ముట్టడు. పక్కన ఒక మనిషి ఉండాలి, ఆ మనిషి చెయ్యి ఆయన భుజం మీద ఉండాలి. ఒకసారి తడితే కాల్చొచ్చు. రెండుసార్లు తడితే ఆగాలి. చెయ్యి తీసేస్తే రైఫిల్ కింద పెట్టాలి. ఆ మనిషి నేనైనా కావచ్చు, ఐల్సా అయినా కావచ్చు అన్నాడు.

నేనైతే చాలు కదా అన్నాను. నీకు జలుబు చేస్తే అన్నాడు. నాకు జలుబు చేయదు అన్నాను.

ఆగస్టు 9, శనివారం

ఐల్సాతో కలిసి మొదటి రోజు. ఆమె రాళ్ళ మధ్య నిశ్శబ్దంగా నడుస్తుంది, అది ఒప్పుకోవాలి. నేను ఆగు అన్న మొదటి అక్షరానికే నిలబడిపోయింది. ఎన్నాళ్ళ తర్వాతో, నా మాటకు ఒక మనిషి ఆగడం.

క్షమించమని అడిగాను. పళ్ళు బిగించి అడిగానట, తనే చెప్పి నవ్వింది.

ఆగస్టు 16, శనివారం, సాయంత్రం 6

జోడీల పోటీ. మూడో స్థానం. ఆమెకు ముప్పై ఒకటి, నాకు ఇరవై తొమ్మిది.

ఎథల్ బండి నడిపాడు. హాల్లో మీట్ పై తింటూ అందరికీ ఆమె లెక్కే చెప్పాడు. గురువు కదా మరి! తొమ్మిదేళ్ళు కప్పు తెచ్చిన దాన్ని, నా ఇరవై తొమ్మిది ఎవరికీ గుర్తు రాలేదు. రేవి వచ్చి, ఏం అక్కా, పని ఉందన్నావు, వచ్చావే అన్నాడు. నోరు మూసుకుని కెచప్ అందించమన్నాను.

కడుపుమంట తగ్గిందని రాయాలనుకుని కూర్చున్నాను. తగ్గలేదు. డైరీలో కూడా అబద్ధం ఎందుకు?

ఆగస్టు 31, ఆదివారం

జలుబు చేసింది. నా బదులు ఐల్సా వెళ్ళింది. అయినా మధ్యాహ్నం లేచి కొండ ఎక్కాను. ఎథల్ బోర్లా పడుకుని గురి చూస్తున్నాడు. ఐల్సా చెయ్యి తీసి నీళ్ళు తాగడానికి లేచింది, ఆయన రైఫిల్ కింద పెట్టాడు. నేను చప్పుడు చేయకుండా వెళ్ళి ఆమె చోట కూర్చుని, ఆయన భుజం మీద చెయ్యి వేశాను. ఒకసారి తట్టాను.

తిరిగి చూడలేదు. చూడకుండానే నవ్వాడు.

ఎవరి చెయ్యి అనుకున్నావు అని అడిగాను.

ఆయనకి వినపడలేదు. మళ్ళీ అడగలేదు.